ఎత్తితే సాలు

నా ఫోన్‌లో ‘ఆదివారం’ అనే పేరుతో ఒక నంబరు ఉంది. పోయిన నెల అది శుక్రవారం మోగింది. ఎత్తాను. అలవాటు ప్రకారం ఏమీ మాట్లాడలేదు. అటువైపు కాసేపు ఊపిరి చప్పుడు వినబడింది. తర్వాత ఆమె పెద్దకూతురి గొంతు.

“అంకుల్, అమ్మ పోయింది. తెల్లారి నాలుగింటికి. మీకు చెప్పాలి కదా...”

ఆ నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తడమే తప్ప మాట్లాడటం, సుమారు పద్నాలుగేళ్ళుగా, నాకు అలవాటు లేదు.

ఆమె పేరు రాయను. బతికినన్నాళ్ళూ తన పేరు పక్కన ఏం రాయించాలో తెలియక ఆఫీసుల ముందు నిలబడిన మనిషి. ఇంకో కాగితం మీద నేను కూడా ఎందుకు నిలబెట్టాలి?

నేను ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక రీడింగ్ రూమ్ చూసుకుంటాను. తాళాలు, మంచినీళ్ళు, పిల్లల కొట్లాటలు, అన్నీ నావే. నా బడి చదువు పదో తరగతి దగ్గర ఆగింది. కానీ సివిల్స్ పరీక్ష పోయినవాళ్ళు గది ఖాళీ చేస్తూ వదిలేసిన పుస్తకాలన్నీ నా దగ్గరికే వస్తాయి. చరిత్ర, రాజ్యాంగం, భూగోళం, న్యాయశాస్త్రం. పదహారు అట్టపెట్టెలు చదివాను, వాళ్ళు గీసిన గీతలతో సహా. పరీక్ష ముందు కొందరు పిల్లలు నన్నే సందేహాలు అడుగుతారు. గొప్పకి చెబుతున్నాననుకోండి, నిజమే. కానీ ఆ గొప్పే ఒకసారి ఆమె కొంప ముంచింది. అందుకని ముందే చెబుతున్నాను.

ఆమె పొద్దున్నే ఆరింటికి ఊడవడానికి వచ్చేది. అప్పటికే కొందరు పిల్లలు కుర్చీల్లో ఉంటారు. కాళ్ళు ఎత్తమని ఎవరినీ అడిగేది కాదు. చీపురు వెనకభాగంతో కుర్చీ కాలు మీద టక్ టక్ అని రెండు దెబ్బలు. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే కాళ్ళు పైకి లేచేవి. కొత్తవాడెవడైనా లేపకపోతే మూడో దెబ్బ వాడి చెప్పు మీద పడేది. “కలెక్టరయ్యాక కూకుందువుగాని, ముందు కాలెత్తు నాయినా,” అనేది, వాడు ఏ రాష్ట్రం వాడైనా సరే తెలుగులోనే. వాడు ఎత్తేవాడు.

శ్రీకాకుళం వైపు మనిషి. భర్త తాపీమేస్త్రి. నోయిడాలో అపార్ట్‌మెంట్లు కడుతుంటే పనికోసం వచ్చాడు, ఆయన వెంట ఆమె, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నది చంకలో ఉంది. ఒకరోజు పొద్దున, గురుగ్రామ్‌లో మంచి పని ఉందంటున్నారు, చూసి వస్తానని టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళాడు. డబ్బా కూడా తిరిగి రాలేదు. పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించింది. దాని నకలు పాలిథీన్ సంచిలో చుట్టి బియ్యం డబ్బా అడుగున దాచింది.

ఊరికి వెళ్ళిపోవచ్చు కదా అని నేను అడిగాను.

“అక్కడికెల్తే ఆడేడీ అని అడుగుతారు. ఇక్కడుంటే నువ్వెవులని అడుగుతారు,” అంది తడిగుడ్డ పిండుతూ. “ఏదో ఒకదానికి జవాబు సెప్పాలి గదా అన్నియ్యా. రెండోదే సులువు.”

సులువేం కాదని కొన్నాళ్ళకే తెలిసింది. ఆమె ఉండే బస్తీలో ఒక సందులో పది పన్నెండు శ్రీకాకుళం కుటుంబాలు, మిగతా అంతా బీహారు, యూపీ వాళ్ళు. మగమనిషి లేని గది తలుపు మీద అందరి కళ్ళూ ఉంటాయి. గది యజమాని ఊరికే కుశలం అడగడానికి వచ్చేవాడు. కుళాయి దగ్గర పిల్లలు పెద్దదాని చుట్టూ చేరి, “తేరా పాపా భాగ్ గయా,” అని, వాళ్ళ నాన్న పారిపోయాడని, పాడేవారట. ఆ పిల్ల అన్నం మానేసింది.

ఒక శనివారం ఆమె చీపురు గోడకి ఆనించి, నా బల్ల ముందు నిలబడింది.

“అన్నియ్యా, మీ నంబరు ఒకటి కావాలి. బోర్డు మీద రాసినది కాదు, మీ సొంతది. రేపు పదకొండింటికి సేత్తాను. మీరేటీ మాటాడక్కర్లేదు. ఎత్తితే సాలు.”

“ఎత్తి?”

“ఎత్తి ఊరుకోండి. నాను మాటాడతాను. ఎవులికీ సెయ్యకుండా ఉత్తినే సెవికి పెట్టుకుందునుగానీ, నా పెద్దగుంట మా గడుసుది. ఫోను తీసి సూత్తాది.”

ఆదివారం పదకొండింటికి బస్తీలో కుళాయి వస్తుంది. సందులో ఆడవాళ్ళంతా బిందెలతో వరసలో ఉంటారు. ఆ వేళే ఎందుకని నేనడిగితే నవ్వింది. “గోడలకి సెవులుంటాయంటారు గదా. మంచిదే. ఇననీ.”

అలా మొదలైంది. పదకొండింటికి ఫోన్ మోగేది. ఎత్తేవాణ్ణి. నీళ్ళ చప్పుడు, బిందెల చప్పుడు, వాటి మీదుగా ఆమె గొంతు.

“ఆ... తిన్నావా?”

అక్కడ సరిగ్గా జవాబు పట్టేంత ఖాళీ వదిలేది.

“ఏటి తిన్నావు?”

ఇంకొంచెం పెద్ద ఖాళీ.

“సీ పో! ఆ పాడు కూర మళ్ళీనా?”

ఆ ఖాళీల్లోంచే ఆమె భర్త నాకు పరిచయమయ్యాడు. ‘తిన్నావా’ అంటే వెంటనే చెప్పేవాడు. డబ్బు సంగతి అడిగితే నసిగేవాడు. పిల్లల మాట వస్తే చాలాసేపు మాట్లాడేవాడు, ఆమె మధ్యలో “ఊఁ, ఊఁ” అంటూ వినేది. మనిషి నవ్వించేవాడే అయివుండాలి, ఎందుకంటే కొన్ని ఖాళీల తర్వాత ఆమె నిజంగా నవ్వేది. నాటకాలు కొన్ని చదివాను. ఒక్కరే ఇద్దరి మాటలూ వినిపించడం ఎంత కష్టమో పుస్తకాల వల్ల తెలుసు. ఈమెకి ఎవరు నేర్పారో తెలియదు.

నిజం చెప్పాలంటే, కొన్నాళ్ళకి నేను ఫోన్ చెవికి ఆనించుకుని పుస్తకం చదువుకునేవాణ్ణి. ఆరేడు నిమిషాల పని. ఆమెకి నా చెవి చాలు, మనసు అక్కర్లేదనుకున్నాను.

ఒక్కసారి మాత్రం పుస్తకం మూశాను. వాన రోజు. కుళాయి దగ్గర ఎవరూ లేనట్టుంది, చప్పుడు లేదు. ఆమె ‘తిన్నావా’ అనలేదు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాలా చిన్నగా, “ఒకపాలి రాయ్యా. ఉండమనను. ఒక్కపాలి అవుపడి ఎల్లిపో,” అంది. ఈసారి జవాబుకి ఖాళీ వదల్లేదు. పెట్టేసింది. మర్నాడు వచ్చి మామూలుగానే కుర్చీ కాళ్ళ మీద టక్ టక్ అని కొట్టింది. నేనూ ఏమీ ఎరగనట్టే ఉన్నాను.

ఫోన్లు పనిచేశాయి. గది యజమాని కుశలాలు ఆగిపోయాయి. పెద్దది అన్నం తిన్నది, బడికి వెళ్ళింది, క్లాసులో మొదటి వరసలోకి వచ్చింది. ఆ నంబరుని తనే తల్లి ఫోన్‌లో ‘పాపా’ అని రాసి దాచింది. ఊడవడం, అయిదు గదుల కుర్రాళ్ళకి వంట, సాయంత్రం ఒక డాక్టరుగారింట్లో గిన్నెలు, వీటితో ఆమె ఇద్దరినీ నెట్టుకొచ్చింది. కాళ్ళకి మెట్టెలు, మెడలో పసుపుతాడు, నుదుట రూపాయంత బొట్టు అలాగే ఉన్నాయి.

పెద్దది పన్నెండో తరగతిలో ఉండగా నా చదువు మధ్యలోకి వచ్చింది.

గ్రేటర్ నోయిడాలో ఒక నర్సింగ్ కాలేజీ ఉందని, తండ్రి లేని ఆడపిల్లలకి అక్కడ చదువూ హాస్టలూ ఉచితమని ఆమె పనిచేసే డాక్టరుగారి భార్య చెప్పింది. మార్కులున్నాయి. తండ్రి లేడన్న సర్కారు కాగితం కావాలి. ఉన్నాడో లేడో తెలియని తండ్రికి కాగితం ఎవరిస్తారు? ఆమె ఆ మాట చెప్పి మళ్ళీ చీపురు అందుకుంది.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఎవరో కుర్రాడు వదిలేసిన న్యాయశాస్త్రం పుస్తకంలో, రెండు రంగుల గీతల కింద, నేను చదివిన మాట అది. ఏడేళ్ళపాటు ఒక మనిషి బతికున్నట్టు కబురు తెలియకపోతే, చట్టం అతన్ని చనిపోయినట్టు అనుకోవచ్చు. పేజీ తీసి ఆమె ముందు పెట్టాను, ఆమెకి చదవడం రాదని తెలిసి కూడా.

“ఏడేళ్ళు దాటింది కదమ్మా! ఫిర్యాదు కాగితం ఉంది. అర్జీ పెడితే చాలు.”

ఆమె పేజీ వైపు చూసింది, గీతల వైపు చూసింది.

“అంటే ఆడు సచ్చిపోయినాడని నాను సెప్పాలి.”

“నువ్వు చెప్పక్కర్లేదు. చట్టమే చెబుతుంది.”

“కబురు తెల్దంటే... నాకొక్కదానికే తెలవకపోతే సాలా, సందులో ఎవులికీ తెలవకూడదా?”

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను కాలుస్తుంది. “సందులో వాళ్ళని ఎవరడుగుతారమ్మా?” అన్నాను.

అడుగుతారని అదే పేజీలో, అదే వాక్యంలో ఉంది. సహజంగా అతని కబురు తెలియవలసినవాళ్ళు ఎవరైనా విన్నారా అన్నదే అసలు ప్రశ్న. గీతలు గీసినవాడూ ఆ ముక్క వదిలేశాడు, నేనూ వదిలేశాను. అక్షరం రాని మనిషి పట్టుకుంది.

ఉచితంగా కేసులు చూసే ఒక వకీలమ్మ అర్జీ రాసి కోర్టులో పెట్టింది. కోర్టు పోలీసుల్ని విచారించి రిపోర్టు ఇమ్మంది. చిన్నది కూడా నర్సు ఆట ఆడుతోందని, కర్రకి గుడ్డ కట్టి అందరికీ సూదిమందు వేస్తోందని ఆమె చెప్పి నవ్వేది. ఆ నాలుగు నెలలూ ఆమె కొంచెం తేలిగ్గా నడిచింది.

ఒక బుధవారం మధ్యాహ్నం ‘ఆదివారం’ మోగింది. నేను ఏదో చదువుతూ చెయ్యి చాచి ఎత్తాను. చెవికి పెట్టుకున్నాను. ఊరుకున్నాను.

“హలో! కౌన్ బోల్ రహా హై?”

మగగొంతు. అప్పుడైనా నా పేరు చెప్పాల్సింది. ఏళ్ళ తరబడి నేర్చుకున్నది ఒక్కటే, మాట్లాడకూడదని.

“అరే బోల్ నా! నామ్ క్యా హై తేరా?”

పెట్టేశాను.

తర్వాత తట్టింది, అది విచారణకి వచ్చిన పోలీసు గొంతని. తాళాలు పక్క గది కుర్రాడి చేతిలో పెట్టి ఆటో ఎక్కాను. బస్తీ సందులో జనం మూగి ఉన్నారు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ మీద కానిస్టేబులు, ఒళ్ళో ఫైలు. జరిగింది నాకు రెండు ముక్కల్లో తెలిసింది. అతను వచ్చి కుళాయి దగ్గర ఆడవాళ్ళని అడిగాడు. వాళ్ళు మంచి చేస్తున్నామనుకుని, “హా సాబ్, హర్ ఇత్వార్ బాత్ కర్తీ హై అప్నే ఆద్మీ సే,” అని, ప్రతి ఆదివారం మొగుడితో మాట్లాడుతుందని, ముక్తకంఠంతో చెప్పారు. ఆమె ఫోన్ తీసుకుని ‘పాపా’ అన్న నంబరు నొక్కాడు. అటు ఎవరో ఎత్తారు, మాట్లాడకుండా పెట్టేశారు.

“ఆద్మీ జిందా హై, ఔర్ తుమ్ కాగజ్ మే మార్ రహీ హో?” అంటున్నాడు కానిస్టేబులు. “ఫోన్ ఉఠాతా హై, డర్ కే కాట్ దేతా హై. సబ్ సమఝ్తా హూఁ మై.” బతికున్న మొగుణ్ణి ఆమె కాగితం మీద చంపుతోందని, వాడు భయపడి ఫోన్ పెట్టేశాడని అతని వాదన.

ఆమె గడపలో నిలబడి ఉంది. పక్కన పెద్దది. నేను జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్ళాను. ఆ ఫోన్ నాదే సాబ్ అని చెప్పడానికి నోరు తెరిచాను.

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, కోపం లేదు. లెక్క ఉంది. నేను ఆ మాట అంటే ఏమవుతుందో నాకన్నా ముందు ఆమెకి తెలిసింది. ఇన్నేళ్ళ ఆదివారాలు, ఆ నవ్వులు, ఆ ‘సీ పో’లు, అన్నీ రీడింగ్ రూమ్ వాడితోనా అని సందు మొత్తం ఒకేసారి అనుకుంటుంది. ఇద్దరు ఆడపిల్లలు ఆ సందులోనే పెరగాలి.

“హా సాబ్,” అంది కానిస్టేబులుతో, నా మీదనుంచి కళ్ళు తీయకుండానే. ఆడా మగా తేడా లేని ఆమె హిందీలో, స్పష్టంగా. “మేరా ఆద్మీ హై. జిందా హై. మై ఝూట్ బోలా.” మొగుడు బతికే ఉన్నాడని, తనే అబద్ధం చెప్పానని.

కుర్చీలోంచి అతను, “దేఖా?” అని రాసుకున్నాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఆమె నన్ను పనిలో పెట్టుకుంది కూడా అందుకే కదా. ఎత్తితే చాలు.

వకీలమ్మ తర్వాత నాకు చెప్పింది. ఆ రిపోర్టు ప్రకారం ఆ బుధవారం నాటికి ఆయన బతికే ఉన్నాడు. ఏడేళ్ళు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలి. ఒక మనిషి కబురు కోసం అన్నేళ్ళు ఎదురుచూసింది, చివరికి ఆ కబురు నా ఊపిరి.

తిరిగి వస్తుంటే పెద్దది సందు చివరిదాకా నా వెంట నడిచింది. తెలుగు వచ్చినా, అప్పట్లో బదులు హిందీలోనే చెప్పేది.

“అంకుల్, ఆప్ హీ థే నా?”

నేనేనని తల ఊపాను. “ఎప్పట్నుంచి తెలుసు?”

“చౌథే ఇత్వార్ సే.” నాలుగో ఆదివారం నుంచట. తర్వాత తెలుగులో చెప్పింది, తల్లి యాసలోనే. “అమ్మ బిందె దింపుకుంటా ఫోను నా సేతికిచ్చింది. సెవికి పెట్టుకున్నాను. పేజీలు తిప్పతన్న సప్పుడు ఇనబడింది.” మళ్ళీ హిందీలోకి వెళ్ళిపోయింది. “పాపా కో పఢ్నా నహీ ఆతా.”

వాళ్ళ నాన్నకి చదవడం రాదు. “మరి అమ్మకి చెప్పలేదా?”

“క్యోఁ బోలూఁ? ఖుష్ హోతీ థీ,” అంది. ఎందుకు చెప్పాలి, అమ్మ సంతోషపడేది కదా అని.

ఆ సీటు ఇంకో పిల్లకి వెళ్ళింది. దానికి కూడా తండ్రి లేడు కాబట్టి దాన్ని ఏమీ అనలేను. పెద్దది రెండేళ్ళు ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసింది. తర్వాత అదే కాలేజీలో ఫీజు కట్టే సీటులో చేరింది. ఆ ఫీజు కోసం ఆమె ఊడవడం మాని, ఆ కాలేజీ హాస్టలు వంటింట్లోనే కుదిరింది. తెల్లవారుజామునే లేచి రెండు బస్సులు మారి వెళ్ళేది. పప్పులో చింతపండు వేసినందుకు మొదటివారం పిల్లలు వార్డెన్‌కి ఫిర్యాదు చేశారు. రెండోవారం అది లేదని ఫిర్యాదు చేశారు. కూతురు తెల్ల కోటు వేసుకుని భోజనానికి వరసలో నిలబడితే, అందరితో సమానంగానే వడ్డించేదట. “ఎక్కువేస్తే నా గుంటని తెలిసిపోద్ది గదా,” అంది నాతో. తెలిస్తే ఏం అని అడిగితే, “మళ్ళీ అయ్య ఏడని అడుగుతారు,” అంది.

ఆదివారం ఫోన్లు ఆగలేదు. ఆపడానికి వీల్లేదు మరి. ఆపితే ఆ బుధవారం అబద్ధమవుతుంది. ఆమెకి గొంతు తగ్గింది, ఖాళీలు చిన్నవయ్యాయి. భర్త కూడా ముసలివాడవుతున్నట్టు ఎక్కువ అడిగేది కాదు. తిన్నావా, మందులేసుకున్నావా, సరే ఉంటాను. నేను పుస్తకం మూసే వినేవాణ్ణి. మూశానని ఆమెకి తెలియదు. తెరిచానని కూడా ఎప్పుడూ తెలియదు.

రెండో ఏడేళ్ళు నిండటానికి అయిదు నెలలు ఉండగా మూడురోజుల జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకి పట్టి పోయింది. పెద్దది పనిచేసే ఆసుపత్రిలోనే, దాని చేతుల్లోనే.

నేను వెళ్ళేసరికి శ్రీకాకుళం ఆడవాళ్ళు స్నానం చేయించి సిద్ధం చేస్తున్నారు. మొహానికి పసుపు, రూపాయంత బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, ఒళ్ళో పసుపు కుంకాలు. మొగుడుండగా పోయిన ముత్తయిదువుకి చేసేవన్నీ చేస్తున్నారు.

“అదురుట్టమంతురాలమ్మా,” అంది ఒకామె, ఆమె కాళ్ళకి పారాణి రాస్తూ. “పసుపు కుంకాలతో ఎల్లిపోయింది.”

బీహారు ఆమె గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటూ, “సుహాగన్ గయీ, కిస్మత్‌వాలీ థీ,” అంది.

పెద్దది నర్సు చేతులతో తల్లి చీర కుచ్చిళ్ళు సర్దుతోంది. ఒక్కసారి తలెత్తి నావైపు చూసింది. గడపలో నిలబడి ఆ రోజు వాళ్ళమ్మ చూసిన చూపే. నేను మాట్లాడలేదు. చిన్నది, ఇప్పుడు పదిహేనేళ్ళ పిల్ల, గోడకి ఆనుకుని తల్లి ఫోన్ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

శ్మశానంలో గుమాస్తా ఫారం నింపుతూ అడిగాడు. “పతి?”

“జిందా హై,” అంది పెద్దది. ఆయన రాసుకున్నాడు.

బయటికి వచ్చాక నాతో మెల్లగా అంది. “చిన్నదానికీ తెలుసు అంకుల్. ఎప్పట్నుంచో. మాకు తెలుసన్న సంగతి అమ్మకొక్కదానికే తెలీదు.”

పోయిన ఆదివారం పదకొండింటికి ఫోన్ మోగింది. ‘ఆదివారం’. ఎత్తాను. నీళ్ళు పడుతున్న చప్పుడు, బిందెల చప్పుడు, ఎవరో ఎవరినో వరసలోకి రమ్మని అరుస్తున్నారు. వాటి మీదుగా ఏ గొంతూ రాలేదు. ఈసారి అటువైపు కూడా ఎవరూ మాట్లాడటం లేదు. ఖాళీ అలా పెరుగుతూనే ఉంది.

నా ముందు తెరిచి ఉన్న పుస్తకం మూశాను. ఆ చప్పుడు అటు వినబడే ఉంటుంది.

“తిన్నావా తల్లీ?” అన్నాను.

కొంచెంసేపు, సరిగ్గా జవాబు పట్టేంతసేపు ఏమీ లేదు.

“అభీ నహీ,” అంది చిన్నది. తర్వాత నన్నూ అడిగింది, “ఆప్‌నే?”